గొంగళిపురుగును పెంచి చూతము

కొంతకాలము క్రిందట మేమొక మెట్టగ్రామమున పంచాయతీ సమావేశమునకు పోయియుంటిమి. వీధిదీపములు, మంచినీటి గొట్టములు, బడి ప్రహరీగోడ మున్నగు విషయములపై చర్చ ముగియువేళకు ఒక వార్డు సభ్యుడు తువాలులో చుట్టి తెచ్చిన ఆముదపు ఆకునొకదానిని బల్లపై పరచెను. ఆకు జల్లెడవలె తూట్లుపడియుండెను. దానిపై బూడిదవన్నె పురుగులు మూడు నాలుగు కలవు. ఒకటి నడుము విల్లువలె వంచి నడచుచుండగా, మరియొకటి కదలక పడియుండెను.

“సర్పంచి గారూ, ఊరి తూర్పుచేలన్నిట ఇదే పురుగు. దీనికేమి మందు కొట్టవలెనో తేల్చి చెప్పండి” అని ఆయన అడిగెను.

ఒకరు ఒక మందు పేరు చెప్పిరి. మరియొకరు అది పనిచేయదనిరి. వేరొకరు రెండు మందులు కలిపి కొట్టుమని సలహా యిచ్చిరి. అందరును మందును గూర్చియే మాటలాడిరి. ఇంతలో ఆకును దగ్గరకు తీసికొని చూచుచున్న ఒక వృద్ధ సభ్యురాలు, కదలని పురుగును పుల్లతో చూపి, “ఆ తోక దగ్గర ఆ ముడి ఏమిటి బాబూ?” అని అడిగినది. ఆ ప్రశ్నకు ఆనాడు ఎవ్వరును సమాధానము చెప్పలేదు. మరునాడు ప్రొద్దెక్కకముందే చేలపై మందు పడెను.

ఆ ముడి ఏమిటో ఈ వ్యాసమున ముందు ముందు చెప్పెదము. దానిని తెలిసికొనుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఒక గాజుసీసా, గుప్పెడు ఆకులు, పదిదినముల ఓపిక యున్న చాలును. గొంగళిపురుగును ఇంటిలోనో బడిలోనో పెంచి, అది రెక్కలు వచ్చి ఎగురువరకు కనిపెట్టి చూచుట ఎట్లో, ఆ పని వలన గ్రామమునకు కలుగు మేలేమో పంచాయతీ సభ్యులకు తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

పెంచి చూచుట ఎందుకు?

పురుగును పెంచుట మనవారికి క్రొత్త కాదు. హిందూపురము, మడకశిర ప్రాంతములందు మల్బరీ ఆకు మేపి పట్టుపురుగులను పెంచు కుటుంబములు అనేకము కలవు. చెన్నూరు, మహదేవపూర్ ప్రాంతపు అడవులలో మద్దిచెట్లపై దసలి పట్టుపురుగులను కాచి పెంచువారు కలరు. అస్సాము రాష్ట్రమున ఆముదపు ఆకు మేపి ఎరి పట్టుపురుగును ఇంటింట పెంచుదురు. ఆముదపు ఆకును తిను పురుగు ఒకచోట శత్రువు, మరియొకచోట జీవనాధారము అన్నమాట.

పట్టురైతును అడిగి చూడుడు. పురుగు ఏనాడు మేత మాని కుబుసము విడుచునో, ఏనాడు ఎక్కువ తినునో, ఏనాడు గూడు కట్టుటకు తల యెత్తునో తడుముకొనకుండ చెప్పును. కాని వేరుసెనగ, ప్రత్తి, కంది, ఆముదము పండించు రైతును తన చేనిలోని పురుగును గూర్చి అట్లే అడిగినచో, మందు పేరు చెప్పగలడు గాని పురుగు చరిత్ర చెప్పలేకున్నాడు. తప్పు రైతుది కాదు. పట్టుపురుగును పెంచినాడు గనుక తెలిసినది. పైరుపురుగును ఎన్నడును పెంచి చూడలేదు గనుక తెలియలేదు.

ఈ తెలియమికి మనము పెద్ద మూల్యమే చెల్లించితిమి. 1997-98 పంటకాలమున వరంగల్లు జిల్లాలో ప్రత్తిపై పురుగు విజృంభించినప్పుడు, మందుమీద మందు చల్లియు పంట దక్కక, అప్పులు తీరు దారి కానక అనేకమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ విషాదమునకు కారణములు అనేకము. వానలు, ధరలు, వడ్డీలు, విత్తనములు అన్నియు అందు కలవు. కాని ఏ పురుగుపై, దాని ఏ దశలో, ఏల చల్లుచున్నారో తెలియక చల్లిన మందు ఆ అప్పులో పెద్ద పాలు పొందినది.

క్రొత్త పురుగులు నేటికిని వచ్చుచునే యున్నవి. 2018వ సంవత్సరమున కత్తెరపురుగు మన దేశమున మొదట కర్ణాటకమున కనబడి, ఆ యేడే తెలుగు రాష్ట్రముల మొక్కజొన్న చేలలో ప్రవేశించెను. నుదుట ఆంగ్లాక్షరము ‘వై’ని తలక్రిందులు చేసినట్లుండు తెల్లని గుర్తు, తోకకు ముందు కణుపుపై చతురస్రముగా నాలుగు నల్లచుక్కలు దాని ఆనవాళ్ళు. పురుగును దగ్గరగా చూచు అలవాటున్న ఊరు ఇట్టి క్రొత్త పురుగును త్వరగా పోల్చుకొనును. అలవాటు లేని ఊరికి ఎల్ల పురుగులును ఒకటియే.

నాలుగు దశలు

సీతాకోకచిలుకకును, రాత్రివేళ దీపము చుట్టు తిరుగు రెక్కల పురుగునకును జీవితము నాలుగు దశలుగా నడచును. మొదటిది గ్రుడ్డు. రెండవది గొంగళిపురుగు, దీనినే కొన్నియెడల లద్దెపురుగు అందురు. మూడవది మేతయు నడకయు లేని నిద్రావస్థ. దీనిని ప్యూపా అని వ్యవహరింతురు. నాలుగవది రెక్కలుగల తల్లిపురుగు.

ఇందు ఆకులను కొరికి తినునది రెండవ దశ మాత్రమే. గ్రుడ్డు తినదు, ప్యూపా తినదు. తల్లిపురుగు సాధారణముగా పూవులలోని తేనెను పీల్చి బ్రతుకును. గొంగళిపురుగు చర్మము దేహముతోపాటు పెరుగదు. కావున అది బిగువైనప్పుడెల్ల పురుగు పాము వలె కుబుసము విడుచును. చాలవరకు నాలుగైదు పర్యాయములు ఇట్లు విడిచిన పిమ్మట ప్యూపాగా మారును.

సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనదగిన విషయ మొకటి కలదు. పురుగు తన జీవితకాలమున తిను ఆకులో చాలభాగము చివరి కుబుసమునకు తరువాత, ప్యూపాగా మారుటకు ముందున్న కొలది దినములలోనే తినును. చిన్నపురుగు చేసిన నష్టము కంటికానదు. కంటికానునప్పటికి పురుగు ముదిరియుండును, మందునకు లొంగుటయు తగ్గియుండును. కొన్ని దినములలో అది తనంతట తానే మేత మాని మట్టిలోనికి దిగిపోవును. ఇట్టి సమయమున మందు చల్లిన రైతు, పురుగు మాయమగుట చూచి మందు పనిచేసినదని సంతసించును. మందు పనిచేసినదో, పురుగునకే వేళ ముగిసినదో సీసాలో పెంచి చూచినవానికే తెలియును.

కావలసిన సామగ్రి

వెడల్పు మూతిగల గాజుసీసా లేదా పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసికొనుడు. ఊరగాయసీసా అయినను సరే, ఉప్పు, నూనె వాసన పోవునట్లు కడిగి ఎండబెట్టవలెను. మూతికి పలుచని గుడ్డగాని దోమతెర ముక్కగాని కప్పి దారముతో బిగింపుడు. బిగుతు మూత పెట్టినచో లోపల చెమ్మ పట్టి ఆకు క్రుళ్ళును, పురుగు జబ్బుపడును. అడుగున పాత వార్తాపత్రిక ముక్క పరచిన, నల్లని పెంటికలను దినదినము తీసివేయుట సులభము.

పురుగును ఏ మొక్కపై పట్టితిమో ఆ మొక్క ఆకునే మేపవలెను. చాల పురుగులకు ఆహారవిషయమున పట్టుదల మెండు. నిమ్మజాతి ఆకుపై పుట్టిన పురుగు ఆముదపు ఆకు ముట్టక ఆకలితో చచ్చును. రెమ్మ తొడిమను చిన్న సీసాలోని నీటిలో నుంచినచో ఆకు వాడదు. అయితే ఆ చిన్నసీసా మూతిని దూదితో నింపవలెను. లేనియెడల పురుగు తొడిమ వెంబడి దిగి నీటిలో పడి చచ్చును. మందు చల్లిన ఆకు ఒక్కటి లోపలికి పోయినను శ్రమ అంతయు వృథా. దోమల మందు వెలిగించు గదిలోను, ఎండ సూటిగా తగులుచోటను సీసాను ఉంచరాదు. చీమలు చేరకుండ సీసాను నీరు పోసిన పళ్ళెము నడుమ నొక రాతిపై నిలుపుట మంచిది.

పురుగును చేతితో పట్టి లాగరాదు. అది కాళ్ళతో ఆకును గట్టిగా పట్టుకొనియుండును. లాగిన కాళ్ళు తెగును. ఆకుతో సహా కోసి మార్చుటయే మేలు. కుబుసము విడుచుటకు ముందు పురుగు ఒకటి రెండు దినములు మేత మాని కదలకుండును. దానిని జబ్బు అనుకొని కదిలింపరాదు.

మొదటి పాఠము: కరివేపచెట్టు సీతాకోకచిలుక

నేర్చుకొనువారికి అన్నిటికంటె సులభమైనది పెరటిలోని కరివేపచెట్టు. పసుపు మచ్చలుగల నల్లని సీతాకోకచిలుక యొకటి కరివేప, నిమ్మ, బత్తాయి, మారేడు చెట్ల చుట్టు తిరుగుచు లేతాకుపై పొట్టను క్షణకాలము ఆనించి లేచుట మీరు చూచియే యుందురు. అది గ్రుడ్డు పెట్టుచున్నదన్నమాట. ఆకును పరిశీలించినచో ఆవగింజకంటె చిన్నదైన లేత పసుపువన్నె గ్రుడ్డు గుండ్రముగా కనబడును.

మూడు నాలుగు దినములకు గ్రుడ్డు పగిలి సన్నని పురుగు వచ్చును. ఈ పురుగు మొదటి దశలందు గోధుమ, తెలుపు రంగులు కలిసి అచ్చముగా పిట్టరెట్టవలె నుండును. పిట్టలు తమ రెట్టను తినవు గదా! ఆ వేషముననే అది పిట్టలబారి తప్పించుకొనును. చివరి కుబుసము విడిచిన పిమ్మట మాత్రము వేషము మార్చి ఆకుపచ్చగా, అక్కడక్కడ గోధుమ పట్టెలతో ఆకులలో కలిసిపోవును. పుల్లతో మెల్లగా తాకి చూడుడు. తలవెనుకనుండి ఎఱ్ఱని కవకొమ్ము ఒకటి పైకి లేచి ఘాటైన వాసన కొట్టును. పిల్లలు దీనిని చూచి భయపడుదురు గాని అది కరువదు, కుట్టదు. చీమలను, ఇతర శత్రువులను బెదరించుటకు ప్రకృతి యిచ్చిన సాధన మది.

రెండు మూడు వారములు మేసిన పిమ్మట పురుగు రెమ్మపై తావు చూచుకొని, తోకను పట్టుదారపు దిండుకు తగిలించి, నడుమునకు దారముతో మొలత్రాడు కట్టుకొని, కుబుసము విడిచి ప్యూపాగా నిలుచును. కనుక సీసాలో ఒకటి రెండు నిలువు పుల్లలు తప్పక ఉంచవలెను. ప్యూపా పచ్చగానో గోధుమవన్నెగానో ఉండును. వేసవి వేడిమిలో ఎనిమిది పది దినములకు, చలికాలమున మరికొన్ని దినములకు దాని పైపొర పలుచనై లోపలి రెక్కల రంగులు కనబడును. సాధారణముగా ఉదయపువేళ పొర పగులును.

వెలువడిన సీతాకోకచిలుక రెక్కలు తడిసి, నలిగి, చిన్నవిగా నుండును. అది పుల్లపట్టి వ్రేలాడుచు దేహములోని ద్రవమును రెక్కలలోనికి నింపును. అప్పుడు అవి విప్పారి గట్టిపడును. ఇందుకు గంట రెండు గంటలు పట్టును. ఈ సమయమున జాలిపడి రెక్కలు విప్పబోయినచో జీవితమంతయు కుంటిదగును. వెలువడినప్పుడు ఎఱ్ఱనిదో గోధుమవన్నెదో నీరు కొంత కారును. అది నెత్తురు కాదు, ప్యూపా దశలో నిలువయైన మలినము. రెక్కలు ఆరిన పిమ్మట గుడ్డ తీసి ఎండలో విడిచిపెట్టుడు.

ఈ పాఠమున నేర్చునది రెండు విషయములు. ఎదిగిన కరివేపచెట్టుకు నాలుగు పురుగుల వలన నష్టము లేదు, మందు అక్కరలేదు. నారుమడిలోని లేత నిమ్మ, బత్తాయి మొక్కలకు మాత్రము ఇదే పురుగు గట్టి నష్టము చేయగలదు. అచ్చట చేతితో ఏరివేయుట చాలవరకు సరిపోవును. ఒకే పురుగు ఒకచోట ముచ్చట, మరొకచోట నష్టము. మందునకు ముందు చోటును చూడవలెను.

రెండవ పాఠము: ఆముదపు దాసరిపురుగు

ఇప్పుడు మొదట చెప్పిన ఆకు కథకు వత్తము. ఆనాడు బల్లపైనున్నది దాసరిపురుగు. నామాలపురుగు అనియు దీనికి పేరు కలదు. నడచునప్పుడు నడుమును విల్లువలె ఎత్తి వంచును. బూడిద, గోధుమ, నలుపు రంగులలో నానావిధములుగా నుండును. దీని తల్లిపురుగు బూడిదవన్నె ముందురెక్కలు, తెల్లమచ్చలుగల నల్లని వెనుకరెక్కలు కలది. ఈ తల్లిపురుగు రాత్రివేళ తోటలలో ప్రవేశించి బత్తాయి మున్నగు పండ్ల రసమును పీల్చి పాడుచేయును. చేనిలో ఆకును, తోటలో పండును బాధించు ఈ పురుగు రైతునకు రెండు విధముల శత్రువు. ఇందు సందేహము లేదు.

అయినను, చేనిలోనుండి ఈ పురుగులను పదింటిని తెచ్చి ఒక్కొక్క సీసాలో ఒక్కొక్కటిగా పెంచి చూడుడు. కొన్ని చక్కగా మేసి, అడుగున పరచిన మట్టిలోనో ఎండుటాకుల నడుమనో ప్యూపాగా మారి, కొన్ని దినములకు రెక్కల పురుగై వెలువడును. కొన్ని మాత్రము పెరుగుట మాని మందకొడిగా నుండును. ఒకనాడు వాని తోకవైపున చిన్న గూడు అంటుకొని కనబడును. ఆ వృద్ధ సభ్యురాలు చూపిన ముడి ఇదియే. పురుగు మేత ముట్టక, కదలక, తుదకు చచ్చును. గూటినుండి చీమంత కందిరీగ యొకటి వెలువడి సీసాగుడ్డపై తిరుగును.

ఇది ఎట్లు జరిగినది? దాసరిపురుగు పసితనమున నున్నప్పుడు ఈ చిన్న కందిరీగ దాని దేహమున గ్రుడ్డు పెట్టును. గ్రుడ్డునుండి పుట్టిన పిల్ల లోపలనే యుండి పురుగును తిని పెరిగి, వెలుపలికి వచ్చి గూడు కట్టుకొనును. ఇట్టివానిని పరాన్నజీవులు, బదనికలు అందురు. రైతునకు ఇవి కూలి యడుగని కాపరులు. నూనెగింజల శాస్త్రజ్ఞుల సలహా యేమనగా, ఆముదపు మొక్కకు ఒకటి రెండు పరాన్నజీవి పట్టిన పురుగులు కనబడినచో మందు చల్లుట మానవలెను. పెద్ద పురుగులను చేతితో ఏరివేసి, తక్కిన పనిని కందిరీగకు విడువవలెను.

మరునాటి ఉదయము ఆ చేలపై పడిన మందు దాసరిపురుగుతో పాటు ఆ కాపరులను కూడ చంపినది. చిక్కు ఏమనగా, తప్పించుకొన్న పురుగులు మరల త్వరగా వృద్ధి పొందును. కాపరులు అంత త్వరగా తిరిగి రావు. అందువలన రెండవమారు మందు, మూడవమారు మందు అవసరమగును. అప్పుపుస్తకమున అంకెలు పెరుగును. ఆమె అడిగిన చిన్న ప్రశ్న విలువ అంతటిది.

గొంగళిపురుగును పెంచగా సీతాకోకచిలుకకు బదులు ఈగయో కందిరీగయో వెలువడుట పూర్వపు పరిశీలకులకు గొప్ప వింతగా తోచెను. జర్మనీ దేశమున 1647వ సంవత్సరమున జన్మించిన మరియా సిబిల్లా మేరియన్ అను చిత్రకారిణి పదుమూడేండ్ల ప్రాయముననే పట్టుపురుగులను పెంచి చూచుట మొదలిడెను. పిదప అనేక జాతుల గొంగళిపురుగులను ఇంటనే మేపి, వాని నాలుగు దశలను మేత మొక్కతో సహా చిత్రించి 1679లో గ్రంథము ప్రకటించెను. కొన్ని పురుగులనుండి ఈగలు వెలువడుటను ఆమెయు గుర్తించెను. పురుగులు బురదనుండి పుట్టునని పండితులే నమ్ముచుండిన కాలమున, ఇంటిలో పెట్టెలు పెట్టుకొని చూచిన ఒక స్త్రీ సత్యమును కనిపెట్టగలిగినది.

మూడవ పాఠము: ఎఱ్ఱగొంగళిపురుగు

రాయలసీమ, తెలంగాణ మెట్టప్రాంతములందు వేరుసెనగ, ఆముదము, కంది మున్నగు వర్షాధారపు పైరులకు ఎఱ్ఱగొంగళిపురుగు తొలకరి శత్రువు. ఇది మందలుగా కదలి ఒక చేను తిని మరియొక చేనికి పోవును. దీని జీవితము పై రెండింటివంటిది కాదు. అందువలననే దీనిని పెంచి చూచుట మిక్కిలి ఉపయోగకరము.

పెద్దవైన పురుగులను పుల్లతో ఏరి, ఒక పెద్ద కుండలో జానెడు లోతు చెమ్మమట్టి నింపి, పైన వేరుసెనగ ఆకు వేసి, మూతికి జల్లెడ తీగ కట్టుడు. కుండ అడుగున చిన్న రంధ్రముండవలెను, లేనిచో వాననీరు నిలిచి పురుగులు చచ్చును. పురుగులు మేత ముగించి మట్టిలోనికి దిగును. పదిదినములు గడచును, నెల గడచును, ఏమియు వెలువడదు. చచ్చినవని కుండను పారవేయరాదు. చెట్టునీడన మెడవరకు పాతి వానకును గాలికిని వదలుడు. ఇవి మట్టిలోనే ప్యూపాలుగా శీతకాలము, వేసవి గడపి, మరుసటి యేటి తొలకరివాన మట్టిలో దిగిన రెండు మూడు దినములకు రెక్కల పురుగులై సాయంకాలపువేళ వెలువడును. ముందురెక్కలు తెలుపుపై గోధుమ చారలతోను, అంచున పసుపు గీతతోను ఉండును. ఒక్కొక్క తల్లి వందలకొలది గ్రుడ్లు ముద్దలుగా పెట్టును.

కుండ నేర్పు పాఠము ఇది. పురుగు ఆకాశమునుండి ఊడిపడలేదు. నిరుడు మన చెట్టునీడలలోను, గట్లలోను, కంచెల మొదళ్ళలోను దిగి దాగినదే ఈ యేడు పైకి వచ్చుచున్నది. కావున దానిని గెలుచుటకు మూడు అదనులు కలవు. మొదటిది వేసవి. లోతుగా దున్నిన, గట్టుప్రక్కల మట్టిని తిరుగవేసిన ప్యూపాలు బయటపడి ఎండకు మాడును, పిట్టలకు ఆహారమగును. రెండవది తొలకరి. కుండనుండి రెక్కల పురుగు వెలువడిననాడే చేలలోను వెలువడుచుండును. ఆ రాత్రులందు చీకటిపడినది మొదలు చేలగట్లపై మంటలు వేసినచో అవి వెలుగునకు వచ్చి పడును. మూడవది, పురుగు మంద కదలునప్పుడు చేనిచుట్టు లోతైన చాలు తీసి అందు జిల్లేడు కొమ్మలు వేసిన, పురుగులు వానిపై చేరును. అప్పుడు ఏరి చంపుట సులభము. గ్రుడ్లముద్దలుగల ఆకులను, పురుగులింకను గుంపుగానున్న ఆకులను కోసి నాశనము చేయుట ఈ మూడింటికి తోడు.

ఇందులో ఒక్కడు చేసి ఫలము పొందు పని తక్కువ. ఒక చేనిలో మంట వేసిన ప్రక్కచేనిలోని తల్లిపురుగు గ్రుడ్లు పెట్టును, పిల్లలు గట్టు దాటి వచ్చును. ఊరంతయు ఒకే వారమున దున్నవలెను, ఒకే రాత్రి మంటలు వేయవలెను. అట్లు నడపగలది పంచాయతీయే. 1980ల చివరినుండి తెలంగాణములోని కొన్ని మెట్టగ్రామములందు స్వచ్ఛంద కార్యకర్తలును శాస్త్రజ్ఞులును రైతులతో కలిసి ఇట్టి సామూహిక పద్ధతులను అమలుజరిపిరి.

జాగ్రత్తలు

నూగుగల గొంగళిపురుగును ఎన్నడును వట్టిచేతితో తాకరాదు. మునగచెట్టుపై గుంపులుగా చేరు నూగుపురుగు, ఆకుపచ్చ దేహముపై ముండ్లుగల పురుగు దురదను, మంటను కలిగించును. పిల్లలకు మొదట కరివేప పురుగునే ఇయ్యవలెను. జిల్లేడుపై నలుపు, తెలుపు, పసుపు పట్టెలతో నుండు పురుగును కూడ పెంచవచ్చును. దాని ప్యూపా బంగారుచుక్కలతో వ్రేలాడుచు ముచ్చటగొలుపును. కాని జిల్లేడుపాలు కంటబడిన హాని. పెద్దలే ఆకు కోయవలెను, తరువాత చేతులు కడుగుకొనవలెను.

సెనగపచ్చపురుగును పెంచునెడల ఒక సీసాలో ఒకటినే ఉంచవలెను. రెండుంచిన ఒకదానినొకటి తినును. పురుగు తలక్రిందులుగా వ్రేలాడి, మెత్తబడి, నీరుగా కారినచో అది వైరస్ వ్యాధి. ఆ సీసాను వేడినీటితో కడిగి ఎండబెట్టవలెను. ఇట్టి వైరస్‌నే పైరుపురుగులపై చల్లి వానిని అదుపుచేయు పద్ధతియు కలదు.

పైరుకు హానిచేయు రెక్కల పురుగులను పెంచి చూచిన పిమ్మట విడువరాదు, సబ్బునీటిలో వేయవలెను. వెలువడిన కందిరీగలను మాత్రము చేనిలో విడువవలెను. అడవినుండి సీతాకోకచిలుకలను పట్టి తెచ్చుట, సూదిగ్రుచ్చి దాచుట ఈ పనిలో చేరవు. కొన్ని జాతులకు 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ యిచ్చుచున్నది. పెరటిలోను, చేనిలోను దొరకునవియే మన పాఠమునకు చాలును.

పుస్తకము వ్రాయుట

చూచినది వ్రాయకున్న మరచిపోవుదుము. ప్రతి సీసాకు అంకె వేసి, ఒక పుస్తకమున ఈ విషయములు వ్రాయవలెను: పురుగు దొరికిన తేది, చేను, మొక్క, పురుగు పొడవు, రంగు, కుబుసము విడిచిన తేదీలు, మేత మానిన తేది, వెలువడినది రెక్కల పురుగా, కందిరీగయా, ఈగయా, వెలువడిన తేది. నేడు చాలమంది చేతిలో ఫోను కలదు గనుక ప్రతి దశను ఛాయాచిత్రము తీసి ఉంచుకొనవచ్చును. ఆ చిత్రమును మండల వ్యవసాయాధికారికి చూపినచో పురుగును పోల్చుటలో సాయపడుదురు.

రెండు మూడేండ్లు ఇట్లు వ్రాసిన పుస్తకము గ్రామమునకు ఆస్తియగును. మన ఊరి చేలలో ఏ నెలలో ఏ పురుగు వచ్చును, ఎన్ని దినములుండును, దాని కాపరి ఎవరు అను విషయములు అందు దొరకును. 2002నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి గ్రామమున తయారుచేయు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరునకు కూడ ఇది ఉపకరించును.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలున పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో మొదటిదిగా వ్యవసాయమును, వ్యవసాయ విస్తరణయు పేర్కొనబడినవి. విస్తరణ యనగా పట్టణమునుండి వచ్చు ఉపన్యాసము మాత్రమే కాదు, గ్రామము తన్ను తాను చదువుకొనుట కూడ. ఇందుకు పంచాయతీ ఈ క్రింది పనులు చేయవచ్చును.

ఒకటి: గ్రామపు బడిలో ఉపాధ్యాయుల సమ్మతితో పది సీసాల పురుగుల మూల నొకదానిని ఏర్పరచవలెను. కరివేప పురుగుతో ప్రారంభించి, పైరుకాలమున చేనిపురుగులను చేర్చవలెను. పిల్లలు చూచినది ఇంట చెప్పుదురు. ఇంటి పెద్దలు వినుదురు.

రెండు: తొలకరికి ముందు ఎఱ్ఱగొంగళి కుండను పంచాయతీ కార్యాలయపు పెరటిలో పాతి, దానిని చూచు బాధ్యతను ఒక సభ్యునికి అప్పగింపవలెను. రెక్కల పురుగు కనబడిననాడు ఊర చాటింపు వేయించి సామూహికముగా మంటలు వేయింపవలెను. కుండ ఒక్కదానినే నమ్మక వీధిదీపముల క్రింద కూడ చూచుచుండవలెను.

మూడు: పురుగు కనబడినదని ఫిర్యాదు వచ్చినప్పుడు, మందును గూర్చి చర్చించుటకు ముందు, నాలుగు చేలనుండి పురుగులను తెచ్చి చూచి, పరాన్నజీవి పట్టినది ఎంత, పట్టనిది ఎంత, పురుగులు చిన్నవా, ముదిరినవా అని లెక్కింపవలెను. పురుగులు ముంచుకొనివచ్చి చేను పోవునట్లున్న వేళ వారములకొలది సీసాలు చూచుచు కూర్చుండుమని మా భావము కాదు. అట్టి వేళ అధికారి సలహాపై మందు చల్లక తప్పకపోవచ్చును. కాని ముందే పెంచి చూచి నేర్చినవారు ఆ వేళ చేనిలో పురుగును చూడగానే నిర్ణయింపగలరు.

ఇది జరుగని పని కాదు. పాల్వంచ మండలములోని పునుకుల గ్రామము ప్రత్తిపై మందులకు పేరుపడిన ఖమ్మము ప్రాంతములోనిది. నేడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరియున్నది. అచ్చటి రైతులు 2003-04 పంటకాలము నాటికి రసాయనిక పురుగుమందులు లేకుండ ప్రత్తి పండించు స్థితికి వచ్చిరి. వేపగింజల కషాయము, ఎరపంటలు మున్నగు పద్ధతులతో పాటు చేనిలోని పురుగును గమనించుట వారికి తోడ్పడినది. అచ్చటి పంచాయతీయు పురుగుమందులు వలదని తీర్మానించి రైతులకు అండగా నిలిచినది.

సభ్యులారా! వచ్చు సమావేశమునకు ఎవరైన ఆకుపై పురుగును తెచ్చి “ఏమి మందు?” అని అడిగినచో, ఆ ఆకును ఒకరినుండి ఒకరు చేతికి తీసికొని చూడుడు. తోక దగ్గర ముడి యున్నదేమో వెదకుడు. తెలియకున్న సీసాలో వేసి, తేది వ్రాసి, రెమ్మ పెట్టి, గుడ్డ కట్టుడు. పదిదినములలో ఆ పురుగే సమాధానము చెప్పును.